ఎల్బోలను తిట్టే ముందు హాక్సా బ్లేడును అనుమానించండి

పాత జీఐ (జింకు పూత ఇనుము) పైపులు తీయించి సీపీవీసీ (వేడినీళ్లకు ఆగే ప్లాస్టిక్) పైపులు వేయించాక పైఅంతస్తు షవరులో ధార సన్నబడిందని, ఎల్బోలు, అంటే పైపును మలుపు తిప్పే ముక్కలు, ఎక్కువవడమే కారణమా అని అడిగారు. ఎల్బోల పాపమూ కొంత ఉంది. అసలు దోషం మాత్రం పనితనానిది.

మా ఇంట్లోనూ అచ్చం ఇదే గోల. పని చేసిన ప్లంబరు ఏదీ విప్పి చూడకుండానే "ప్రెషర్ పంపు పెట్టించుకోండి సార్" అన్నాడు. ఈ మధ్య అన్ని రోగాలకూ ఇదే మందు! ఇంకో పెద్దాయనను పిలిపిస్తే, గీజరు పక్కన గోడ తవ్వి ఎల్బోను కోసి నా చేతిలో పెట్టాడు. లోపల సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పసుపుపచ్చగా గట్టిపడి, చుట్టూ ఉంగరంలా పేరుకుంది. దానికి హాక్సా బ్లేడుతో పైపు కోసినప్పటి పొట్టు అతుక్కుంది. మిగిలిన సందులో పెన్సిల్ పట్టడమే కష్టం. సొల్యూషన్ పైపు అంచుకు బయటివైపు దండిగా, ఫిట్టింగ్ లోపల పలుచగా రాయాలి గాని, లోపల పులమకూడదు. పులిమితే పైపు దూర్చినప్పుడు అదంతా నీళ్ల దారిలోకి నెట్టుకుపోతుంది. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసే ఓపిక ఇప్పుడు ఎవరికుంది?

రెండోది సైజు. అర అంగుళం జీఐ పైపు లోపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు. అదే అర అంగుళం అని అమ్మే సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (గోడ మందాన్ని చెప్పే తరగతి) పైపుది 12 చిల్లర. అంటే నీళ్లు పారే దారి దాదాపు 40 శాతం తగ్గినట్టే. దుకాణంలో ఈ మాట ఒక్కరూ చెప్పరు. ముప్పావు అంగుళం వేయించి, కుళాయి దగ్గర మాత్రమే అర అంగుళానికి తగ్గించాలి.

ఇక మీరడిగిన ఎల్బోలు. ఒక్కో ఎల్బో తన వ్యాసానికి సుమారు 30 రెట్ల పొడవు తిన్నని పైపుతో సమానం. అర అంగుళంలో అయితే ఒక అడుగు పైచిలుకు. కింది అంతస్తుల్లో ఇది లెక్కలోకే రాదు. ట్యాంకు కుళాయికి 10 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్ వస్తుంది. మీ షవరుకు ట్యాంకు రెండు మీటర్లే ఎత్తులో ఉంటే దక్కేది అందులో అయిదో వంతు. అక్కడ ప్రతి మలుపూ భారమే.

గోడ తవ్వించే ముందు షవరు విప్పి, ఒట్టి పైపు నుంచి నీళ్లు వదిలి చూడండి. ధార బాగుంటే షవరు జల్లెడ శుభ్రం చేసుకుంటే చాలు. లేదంటే అదే రంగు టైల్స్ ఎక్కడ దొరుకుతాయో ముందే వెతికిపెట్టుకోండి. మాకు దొరకలేదు.