సంతకానికి ముందు సీనియర్ రుణం నిర్వచనం చూసుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మన స్పిన్నింగు మిల్లు టర్మ్ లోన్ ఒప్పందం ముసాయిదా మొత్తం చదివాను. వడ్డీ రేటు కోసం నీవు గట్టిగానే బేరమాడావు, సంతోషం. అయితే ఆర్థిక కోవెనెంట్ల క్లాజును, అంటే అప్పు తీరేదాకా కంపెనీ నిలబెట్టుకోవాల్సిన ఆర్థిక షరతులను, బ్యాంకు రాసినట్లే ఒప్పుకోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

సీనియర్ రుణం (మిగతా అప్పులకంటే ముందుగా తీర్చాల్సినది) ఎబిటాకు, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభానికి, 3.5 రెట్లు మించరాదని అందులో ఉంది. ఈ అంకె మీద వాదించే ముందు సీనియర్ రుణంలో ఏమేమి కలిపారో నిర్వచనాల్లో చూడు. టర్మ్ లోనుతోపాటు క్యాష్ క్రెడిట్ (సీసీ, అంటే రోజువారీ వ్యాపార అవసరాలకు పరిమితిలోపు వాడుకునే అప్పు) బకాయిని, లీజు బాధ్యతలను కూడా కలిపారు. ఇప్పుడు నీకు టర్మ్ లోన్ 90 కోట్లు, సీసీ 30 కోట్లు, ఎబిటా 40 కోట్లు అనుకుంటే నిష్పత్తి 3. ఎబిటా 34.3 కోట్లకు దిగితే, అంటే 14 శాతం తగ్గితే, పరిమితిని తాకుతావు. నూలు ధర పడిపోయిన ఏడాది అంత తగ్గడం వింతేమీ కాదు. అంతకంటే పెద్ద చిక్కు నిష్పత్తిని పరీక్షించే తేదీది. పత్తి సీజనులో సరుకు కొని నిల్వ చేస్తాము గనుక మార్చి 31 నాటికి సీసీ వాడకం బాగా పెరిగి ఉంటుంది. అది 50 కోట్లయితే, లాభం రూపాయి తగ్గకపోయినా నిష్పత్తి 3.5కు చేరుతుంది. అందువల్ల సీసీ వంటి వర్కింగ్ క్యాపిటల్ అప్పు‌ను ఈ లెక్కలోంచి తీసివేయమని, అది కుదరకపోతే నాలుగు త్రైమాసికాల సగటు బకాయిని తీసుకోమని తప్పక అడుగు.

2019 ఏప్రిల్ నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం గోదాము లీజు కూడా అప్పుగా కనబడవచ్చు. అప్పులో దాన్ని కలిపితే ఎబిటానూ అదే పద్ధతిలో లెక్కించాలని రాయించుకో. మీ నాన్నగారు కంపెనీకి ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ లోన్‌ను సబార్డినేట్ చేస్తే, అంటే బ్యాంకు అప్పు తరువాతే తీర్చేలా వెనక్కి పెడితే, సీనియర్ రుణంలోంచి తప్పించవచ్చు. అయితే బ్యాంకు ఒప్పుకోనిదే ఆ డబ్బు వెనక్కి రాదని ఆయనకు ముందే చెప్పు.

డీఎస్‌సీఆర్ షరతు, అంటే కట్టాల్సిన అసలు, వడ్డీకి రాబడి ఎన్ని రెట్లు ఉండాలన్నది, సమంజసంగానే ఉంది. వాయిదాలన్నీ సకాలంలో కట్టినా, కోవెనెంట్ తప్పితే ఈ ముసాయిదా ప్రకారం అది డిఫాల్టే. క్రాస్ డిఫాల్ట్ క్లాజు ద్వారా ఇతర బ్యాంకుల అప్పులకూ ఆ సెగ తగులుతుంది. కాబట్టి సరిదిద్దుకునే గడువును, వాటా మూలధనం తెచ్చి నిష్పత్తిని చక్కబరచుకునే హక్కును అడిగి తీసుకో. ఉల్లంఘనకు వేసేది వడ్డీ రేటుకు కలపని పెనల్ చార్జీయే కావాలని, దానిమీద మళ్ళీ వడ్డీ వేయరాదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ముసాయిదాలో మాత్రం పాత పెనల్ వడ్డీ వాక్యమే ఉంది, మార్పించు.

ఎప్పుడైనా పరిమితి దాటే సూచన కనిపిస్తే, పరీక్ష తేదీకి ముందే బ్యాంకుకు తెలిపి మినహాయింపును రాతపూర్వకంగా తీసుకో. అధికారి బదిలీ అయితే కొత్తగా వచ్చినవారు ఫైలులో ఉన్నదే చూస్తారు.

ఇట్లు,
మామయ్య