అమ్మడూ, ముందు బొమ్మ గీయి

ప్రియమైన అమ్మడికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు డిగ్రీలో భౌతికశాస్త్రం తీసుకున్నావనీ, మొదటి సెమిస్టరులోనే యాంత్రిక శాస్త్రం, అదే మెకానిక్స్, మొదలవుతుందనీ చెప్పాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఆ దారి పట్టినవాళ్లు ఎవరూ లేరు. నువ్వు పడుతున్నావని వినగానే గుండె నిండిపోయింది. ఆ వెనకే భయం కూడా వేసింది. ఆ పాఠం మొదటి నాలుగు నెలల్లో నేను పడ్డ బాధ నీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి. మీ నాన్నకు కూడా తెలియదు. అందుకే లేచి దీపం వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీకు తెలిసిన సంగతులు. క్లాసు మానకు. ఏ రోజు లెక్కలు ఆ రోజే చెయ్యి. సదిశలు, అవకలనం, సమాకలనం మొదటి వారంలోనే ఇంకోసారి తిరగెయ్యి. ప్రమాణం రాయకుండా ఏ సంఖ్యనూ కాగితం మీద వదలకు. వీటి గురించి మళ్లీ మాట్లాడను.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. ఈ పాఠం నీకు వచ్చినట్టే అనిపిస్తుంది. న్యూటన్ నియమాలు మూడూ స్కూల్లోనే కంఠతా పట్టావు కదా. మొదటి రెండు వారాలు అన్నీ పాత ముఖాలే కనబడతాయి. ఆ ధైర్యంతోనే పెన్ను పక్కన పెట్టి వినడం మొదలుపెడతారు పిల్లలు. నేనూ అదే చేశాను. కంఠతా వచ్చినంత మాత్రాన ఆ నియమాలు మన ఒంటికి పట్టవమ్మా. ఒక చిన్న పరీక్ష పెడతాను, ఇప్పుడే చెప్పు. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరావు. అది చెయ్యి వదిలి ఇంకా పైకి పోతోంది. గాలి సంగతి వదిలెయ్. ఆ క్షణంలో బంతి మీద ఏ బలాలు ఉన్నాయి?

చెయ్యి ఇచ్చిన బలం ఇంకా దానిలో ఉందనీ, అది తరిగిపోతూ వచ్చి పైన సున్నా అవుతుందనీ నీ మనసులో ఏ మూలనైనా అనిపించిందా? అనిపిస్తే సిగ్గుపడకు. కదిలే వస్తువును ఏదో ఒకటి తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ కాలం నుంచి దాదాపు రెండు వేల ఏళ్లు గొప్ప గొప్పవాళ్లే నమ్మారు. గెలీలియో వాలు పలక మీద గాడి తీసి, కంచు గోళీ దొర్లించి, పాత్రలోంచి సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. సెకన్లు కొలిచే గడియారం లేని రోజుల్లో అంత ఓపిక పట్టాడు. ఆయన 1638లో అచ్చు వేసిన సంగతులను మనం అరగంట క్లాసులో మింగేయాలనుకుంటాం. ఆ బంతి మీద ఉన్నది భూమి ఆకర్షణ ఒక్కటే. పైకి పోతున్నప్పుడూ, శిఖరంలో క్షణకాలం ఆగినప్పుడూ, కిందికి వస్తున్నప్పుడూ అదే బలం, అదే దిశ, అంతే పరిమాణం. ఇది చదివి తల ఊపి ముందుకు వెళ్లిపోకు. ఒక బంతి తీసుకుని నాలుగుసార్లు విసిరి, చూస్తూ ఈ మాట నీకు నువ్వు చెప్పుకో.

ఇక నా సంగతి చెబుతాను. ఇది రాయడానికే కూర్చున్నాను.

మా మొదటి సెమిస్టరులో ఒక పెద్దాయన చెప్పగా విన్నాను, లగ్రాంజ్ అనే గణిత శాస్త్రవేత్త 1788లో యాంత్రిక శాస్త్రం మీద ఒక మహాగ్రంథం రాసి, ఇందులో ఒక్క బొమ్మ కూడా ఉండదని ముందుమాటలోనే గర్వంగా చెప్పుకున్నాడని. అది నిజమే. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! బొమ్మలు గీయడం చిన్నపిల్లల పని అని ఆ రోజే తీర్మానించుకున్నాను. లెక్క చదవగానే నేరుగా సూత్రం రాసేదాన్ని. పాత ప్రశ్నలకు పుస్తకం చివర జవాబులు ఉండేవి, అవి సరిపోయేవి కూడా. వాలు తలం కనబడితే చాలు, అభిలంబ బలం, అంటే వాలు తన మీది వస్తువును లంబంగా తోసే బలం, ఎం.జి. కాస్ తీటా (వస్తువు బరువు ఎం.జి., వాలు కోణం తీటా) అని చెయ్యి దానంతట అదే రాసేది. ఇరవై లెక్కల్లో ఇరవైసార్లూ అది ఒప్పే అయింది.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. నున్నని నేల మీద ఒక వాలు దిమ్మె ఉంది. దాని వాలు మీద ఒక చిన్న చెక్క ముక్క పెట్టారు. ఎక్కడా ఘర్షణ లేదు. ముక్క కిందికి జారుతుంటే దిమ్మె ఎంత త్వరణంతో వెనక్కి జరుగుతుంది? చూడగానే సంతోషపడ్డాను. అభిలంబ బలం ఎం.జి. కాస్ తీటా, దానిలో అడ్డంగా పనిచేసే భాగం తీసుకో, దిమ్మె ద్రవ్యరాశితో భాగించు, అయిపోయింది. నాలుగు వరుసలు రాసి, అందరికంటే ముందు కాగితం ఇచ్చేసి బయటికి వచ్చాను.

కాగితం తిరిగి వచ్చినప్పుడు ఆ జవాబుకు సున్నా వేసి ఉంది. పక్కన ఎర్ర సిరాతో ఒకే ఒక ప్రశ్న: దిమ్మె బరువు లేనిదైతే?

నాకు ఏమీ అర్థం కాలేదు. వెక్కిరించారనుకున్నాను. వెళ్లి అడగవచ్చు కదా? కాగితం దిద్దిన మాస్టారి గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. నేను అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకం అట్టలో దోపాను. మర్నాటి నుంచి వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎలా చదువుతున్నావంటే బాగానే అన్నాను. నాలుగు నెలలు అలాగే గడిచాయి. నా పక్కన కూర్చునే అమ్మాయి నాకంటే చురుకైనది, రెండో సెమిస్టరుకు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత కలిసినప్పుడు తెలిసింది, ఆమె కాగితం మీద కూడా అదే ఎర్ర ప్రశ్న ఉందట. మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే దెబ్బను ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

ఆ కాగితం సెలవుల్లో ఒక రోజు అట్టలోంచి జారి కింద పడింది. ఇంట్లో ఎవరూ లేరు. చూసేవాళ్లు లేరు కాబట్టి మొదటిసారి బొమ్మ గీశాను. దిమ్మెను ఒకచోట విడిగా, ముక్కను ఇంకోచోట విడిగా. ముక్క మీద ఏవి పనిచేస్తున్నాయి? కిందికి బరువు, వాలుకు లంబంగా దిమ్మె తోపు. అంతే. మరి ఆ తోపు ఎం.జి. కాస్ తీటా అని ఎవరు చెప్పారు? కదలని వాలు మీద ముక్క దాన్ని అంటిపెట్టుకుని జారుతుంది, కాబట్టి వాలుకు లంబ దిశలో ముక్కకు త్వరణం లేదు. అందుకని ఆ దిశలో బలాలు సరిసమానం. పాత ఇరవై లెక్కల్లోనూ జరిగింది అదే. ఇక్కడ వాలు కదులుతోంది! ముక్క కింద నుంచి దిమ్మె తప్పుకుంటూ పోతోంది. ముక్క దాని వెంట కొంత కూరుకుపోతూ ఉంది. అంటే లంబ దిశలో త్వరణం ఉంది, కాబట్టి తోపు తగ్గాలి. ఆ ఒక్క సంగతి కనబడగానే ఒళ్లు ఝల్లుమంది.

సాయంత్రానికి సరైన జవాబు వచ్చింది. అప్పుడు ఎర్ర ప్రశ్న దగ్గరికి వెళ్లాను. నా పాత జవాబులో హారంలో ఉన్నది దిమ్మె ద్రవ్యరాశి ఒక్కటే. అది సున్నాకు పోతే త్వరణం అనంతం అయిపోతుంది. ఒక చెక్క ముక్క నెడితే అనంత త్వరణమా? కొత్త జవాబులో హారంలో దిమ్మె ద్రవ్యరాశితో పాటు ముక్క ద్రవ్యరాశిని కోణపు సైన్ వర్గంతో గుణించిన పదం కూడా ఉంది. దిమ్మె బరువు లేనిదైతే తోపు సున్నా అవుతుంది, ముక్క స్వేచ్ఛగా నిట్టనిలువునా పడుతుంది. వాలు 45 డిగ్రీలైతే ముక్క ఒక మీటరు కిందికి పడేసరికి దిమ్మె సరిగ్గా ఒక మీటరు పక్కకు తప్పుకుంటుంది. రెండింటి త్వరణమూ గురుత్వ త్వరణమే. చేతిలో పెట్టుకుని చూసినట్టు ఉంది. దిమ్మె కొండంత బరువైతే? అప్పుడు తోపు మళ్లీ పాత ఎం.జి. కాస్ తీటా అయి కూర్చుంటుంది. ఆయన నన్ను వెక్కిరించలేదమ్మా, తాళంచెవి చేతిలో పెట్టారు. దాన్ని మడిచి దాచుకున్నది నేను.

అందుకే చెబుతున్నాను, బొమ్మ గీయకుండా ఒక్క సమీకరణం కూడా రాయకు. ఒక్కో వస్తువును మిగతా లోకం నుంచి విడదీసి గీయి. దాన్ని తాకుతున్నవి ఏవో లెక్కపెట్టు, భూమి ఆకర్షణను కలుపు, అక్కడితో ఆగు. ప్రతి బాణానికీ ఎవరు తోస్తున్నారు, ఎవరిని తోస్తున్నారు అని పేరు రాయి. పేరు రాయలేని బాణం ఉంటే కొట్టెయ్. వృత్తంలో తిరిగే వస్తువు దగ్గర ఇది నిన్ను కాపాడుతుంది. అక్కడ చాలామంది దారపు లాగుడు గీసి, పక్కనే అభికేంద్ర బలం, అంటే కేంద్రం వైపు లాగే బలం, అని ఇంకో బాణం గీస్తారు. ఆ రెండో బాణానికి యజమాని ఎవరు? ఎవరూ లేరు. దారం లాగుడే ఆ పని చేస్తోంది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందనే మూడో నియమం దగ్గరా ఇంతే. బల్ల మీద పుస్తకం ఉంటే, పుస్తకం బరువుకు ప్రతిచర్య బల్ల తోపు అని రాస్తారు. కాదు. భూమి పుస్తకాన్ని లాగితే పుస్తకం భూమిని లాగుతుంది, ఆ జంట అది. ఆ రెండు బలాలూ ఎప్పుడూ ఒకే వస్తువు మీద ఉండవు.

జవాబు రాగానే పెన్ను మూయకు. ద్రవ్యరాశిని సున్నా చెయ్యి, కొండంత చెయ్యి, కోణాన్ని పడుకోబెట్టు, నిలబెట్టు. నీ జవాబు ఏమంటుందో విను.

ఇప్పుడు కాస్త కోప్పడతాను. ఫోను చేతిలో ఉంది కదా అని పది నిమిషాలకే సాధన వెతుక్కున్నావని తెలిస్తే నేను ఊరుకోను. చదివిన సాధన పరీక్ష గదిలో నీకు అక్కరకు రాదు. ఒక లెక్కతో ఒక సాయంత్రం గడిస్తే గడవనీ. అయితే రెండో రోజుకీ దారి దొరకకపోతే, నీ బొమ్మ పట్టుకుని వెళ్లి అడుగు. నాకు తెలియలేదు అనకు, ఇక్కడిదాకా వచ్చి ఈ బాణం దగ్గర ఆగిపోయాను అను. అలా అడిగిన విద్యార్థిని నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ చిన్నచూపు చూడలేదు. అడగకుండా వెనక వరుసకు జరిగినవాళ్లను చూసి మాత్రం ప్రతి ఏడూ కడుపు తరుక్కుపోయేది.

శక్తి, ద్రవ్యవేగం పాఠాలు వచ్చినప్పుడు ఎమిలీ దు షాత్లే అనే ఫ్రెంచి పండితురాలిని తలచుకో. కదిలే వస్తువులోని సత్తాను దేనితో కొలవాలి, ద్రవ్యరాశిని వేగంతో గుణించా, వేగ వర్గంతో గుణించా అని ఐరోపా పండితులు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. మెత్తని బంకమట్టి మీద ఇత్తడి గోళాలు వేసి చూస్తే, వేగం రెట్టింపైనప్పుడు గుంట నాలుగింతలైంది. హ్రావెసాండె అనే డచ్చి శాస్త్రవేత్త చేసిన ఆ ప్రయోగాన్ని అందుకుని ఆమె వేగ వర్గం పక్షాన వాదించింది. ఇప్పుడు మనకు రెండూ కావాలి, ఒకటి ద్రవ్యవేగం, ఇంకోటి శక్తి. న్యూటన్ 1687 నాటి గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఆమే. నిండు గర్భిణిగా ఉండి రాత్రింబవళ్లు ఆ పని ముగించి, ప్రసవమైన కొద్ది రోజులకే 1749లో కన్నుమూసింది. 42 ఏళ్లు. పుస్తకం పూర్తిగా అచ్చయ్యేసరికి 1759 వచ్చింది. ఆ సంగతి చదివిన రాత్రి నేను ఏడ్చాను. నువ్వు మాత్రం వేళకు తిని, వేళకు నిద్రపో. రాత్రి రెండింటికి చేసిన గుణకారాల్లో గుర్తులు తారుమారవుతాయి, ఉదయం అదే లెక్క పావుగంటలో తేలుతుంది.

లగ్రాంజ్ మీద నాకు కోపం లేదు. ఏడాదికో రెండేళ్లకో ఆయన పద్ధతి నీకు నేర్పుతారు. అప్పుడు ఆ వాలు దిమ్మె లెక్క మళ్లీ చెయ్యి. గతిశక్తి, స్థితిశక్తి రాస్తే చాలు, అభిలంబ బలం ఊసే రాకుండా త్వరణం బయటపడుతుంది. అది చూసినప్పుడు నువ్వు ఎంత సంతోషిస్తావో తలచుకుంటే నాకే తొందరగా ఉంది. కానీ ముందు బొమ్మలతో చెయ్యి, ఆ తోపు ఎందుకు తగ్గిందో నీ కళ్లకు కనబడాలి.

ఆ పాత కాగితానికి నకలు తీయించి ఈ కవరులో పెట్టాను. మడతల దగ్గర అక్షరాలు కొంచెం చెరిగాయి, ఎర్ర సిరా మాత్రం చదవడానికి వీలుగానే ఉంది. నా నాలుగు వరుసల్లో తప్పు ఏ వరుసలో మొదలైందో నీ చేత్తో గుర్తు పెట్టి పంపు. దానితో పాటు నీ మొదటి తప్పు లెక్కను కూడా పంపు, కొట్టివేతలు చెరపకుండా. ఆదివారం పొద్దుటి పూటలు నీ కోసమే ఖాళీగా ఉంచుతున్నాను.

ఆశీస్సులతో,
మీ అత్త