మొదటి దెబ్బకు క్యాపు పేలకపోతే

అన్నా, పంట కాపలాకు లైసెన్సు మీద తీసుకున్న మీ భర్మార్ తుపాకి (మూతి నుంచి మందు, గుండు నింపేది) మొదటి దెబ్బకు పేలక, రెండో దెబ్బకు పేలుతుందని రాసిండ్రు. క్యాపు, అంటే సుత్తి దెబ్బకు పేలి మందును అంటించే చిన్న రాగి టోపీ, దాని సైజు తేడానే అనిపిస్తుంది. నిపుల్ (క్యాపు తొడిగే, నిప్పు లోపలికి పోయే సన్న గొట్టం) మీద క్యాపు అడుగుదాకా దిగకపోతే, మొదటి దెబ్బ దాన్ని దించడానికే సరిపోతది, రెండోది పేలుస్తది. 10, 11 నంబర్ల క్యాపుల మధ్య తేడా వెంట్రుకవాసే, పైగా ఒక కంపెనీ 11 ఇంకో కంపెనీ 11 లెక్క ఉండదు. వేలితో పెడితే పూర్తిగా కూర్చోవాలె, వంచితే రాలొద్దు. వదులుందని క్యాపును నొక్కి వంకర చేసుడు మాత్రం వద్దు.

కొత్త క్యాపుల డబ్బా కొనేముందు ఒకటి చేయండి. గొట్టంల మందు, గుండు లేవని కడ్డీ దించి చూసుకొని, మూతిని గడ్డిపోచల దగ్గర పెట్టి ఉత్త క్యాపు కొట్టండి. గడ్డి ఊగితే దారి సాఫు. ఊగకుంటే నిపుల్‌ల నూనో మసో ఉన్నట్టు, క్యాపును తిట్టి లాభం లేదు. కళ్లద్దాలు పెట్టుకోండి, రాగి తునకలు ఎగురుతయి.

మన వానకాలం తేమకు పొట్లంల విడి క్యాపులు ఆగవు. లైసెన్సున్న డీలర్ దగ్గర సీలు డబ్బానే అడగండి. లోడుతో ఉన్నప్పుడు పేలకుంటే, మూతి ఖాళీ దిక్కే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగినంకనే క్యాపు మార్చండి.