కంటిచూపు మీద పరిశోధన అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు. భీమవరంలో ఈసీఈ చదివి, మాస్టర్స్ కోసం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చాను. దీపాలు, తెరల వెలుగును మనిషి కన్ను ఎలా గ్రహిస్తుందన్న దానిపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం "కళ్ల డాక్టరువూ కావు, కరెంటు ఇంజనీరువూ కావు, ఏమవుతావు?" అంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అమ్మగారికి చీరల కొట్టు గుర్తుచేయండమ్మా. ట్యూబ్‌లైటు కింద జాకెట్టు గుడ్డ చీరకు అచ్చంగా కలిసినట్టే ఉంటుంది. అయినా ఆవిడ రెండూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, పగటి వెలుతురులో చూసుకుంటే గానీ డబ్బు తీయరు. వేర్వేరు అద్దకాలు ఒక వెలుగులో ఒకటిగా, మరో వెలుగులో వేరుగా కనిపించడాన్ని మెటామెరిజం అంటారు. రంగుల కొలతకు నేటికీ ఆధారమైన 1931 నాటి సీఐఈ (వెలుగు, రంగుల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణం, రైట్, గిల్డ్ అనే ఇద్దరు కలిపి 17 మంది చూపును పరీక్షించి తెచ్చిన లెక్కల మీద నిలబడింది. కానీ అందరి కళ్లూ ఆ లెక్కకు అచ్చంగా సరిపోవు: లేజర్ ప్రొజెక్టర్ వేసే ఒకే తెలుపు పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి కాస్త వేరుగా కనిపించవచ్చు. కాబట్టి పనికి కరువు లేదు.

ఊరు కూడా మంచిదే దొరికింది. ఫిలిప్స్ 1891లో పుట్టింది అక్కడే. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే సాధారణంగా నాలుగేళ్ల ఉద్యోగం: ఫీజు కట్టరు, జీతం తీసుకుంటారు. ఇంట్లో ముందు చెప్పాల్సిన మాట ఇదే. ఖాళీలను ప్రకటిస్తారు, ఒకే ఉత్తరాన్ని వందమంది ప్రొఫెసర్లకు పంపే మన అలవాటు అక్కడ చెల్లదు. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది నివాస అనుమతి అడగవచ్చు.

అయితే ఈ పనికి ఓపిక కావాలి. ప్రయోగానికి వచ్చినవారికి ఇషిహారా పుస్తకంతో (రంగు చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మలుంటాయి) రంగుల చూపు పరీక్షించాలి. మసక వెలుగు ప్రయోగమైతే, కన్ను చీకటికి అలవాటు పడేదాకా అరగంట కూర్చోబెట్టాలి. వాళ్లతో పాటు మీరూ కూర్చోవాలి. ఆపై "ఎడమదా, కుడిదా, ఏది ఎక్కువ వెలుగు?" అని వందలసార్లు అడగాలి. అంతకు ముందు, మనుషులపై చేసే ప్రయోగాలను పరిశీలించే నైతిక కమిటీ అనుమతి సరేసరి. సర్క్యూట్లు మీకు వచ్చు, రానిది గణాంకశాస్త్రం. ఈ సెమిస్టరులోనే ఆ కోర్సు తీసుకోండి.

ప్రొఫెసర్ కొలువులు తక్కువే, దాచను. దీపాల, తెరల కంపెనీలూ ఈ చదువున్నవారిని తీసుకుంటాయి. మాస్టర్స్ థీసిస్‌కు మాత్రం బల్బును కొలిచే ల్యాబు కాక, మనుషులను కూర్చోబెట్టి కొలిచే ల్యాబు ఎంచుకోండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదట తవ్వేది ఆ థీసిస్ ప్రయోగాన్నే.