అరుదైన మొక్కల్ని లెక్కపెట్టే చదువు తిండి పెడుతుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ వద్దు, అడవిలో ఏ జాతి ఎంత అరుదో లెక్కగట్టే చదువు చదువుతానంటోంది. అలాంటిది ఉందా? తిండి పెడుతుందా?

జవాబు: ఉందండీ, ఎకాలజీలో, అంటే జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రంలో, అదొక ముఖ్యమైన పని. మీ పక్కనున్న శేషాచలం కొండల్నే చూడండి. ఎర్రచందనం కొన్నిచోట్ల గుంపులుగానే కనిపిస్తుంది. అయినా అరుదైన చెట్టే, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు కాబట్టి. ఎంత మేర విస్తరించింది, ఎన్ని రకాల నేలల్లో బతుకుతుంది, ఉన్నచోట ఎన్ని ఉన్నాయి? ఒక జాతి ఎంత అరుదో తేల్చాలంటే ఈ మూడూ విడివిడిగా చూడాలని 1981లో ఎకాలజిస్టు డెబొరా రాబినోవిట్జ్ చెప్పారు.

అడవిలో తిరగడం సగమే, మిగతాదంతా లెక్కలే. సర్వేలో 40 జాతులు దొరికాయనుకోండి. వాటిలో 10 జాతులవి ఒక్కో మొక్కే, 5 జాతులవి రెండేసి మొక్కలే కనిపించాయి. గణాంక శాస్త్రవేత్త ఆన్ చావ్ 1984లో ఇచ్చిన సూత్రం ప్రకారం 10ని 10తో గుణించి, 5కు రెట్టింపుతో భాగిస్తే 10 వస్తుంది. అంటే మన కంటపడనివి కనీసం ఇంకో 10 జాతులు ఉంటాయని అంచనా. ఒక్కటే దొరికిన మొక్క నిజంగా అరుదా, మన వెతుకులాటే చాలలేదా అని ఆలోచించడం ఇక్కడ మొదలవుతుంది. ఈ చదువులో నాకు బాగా నచ్చేది ఇదే.

కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 మ్యాథ్స్‌వే. బైపీసీ పిల్లలకు అక్కడే టెన్షన్, ఇప్పటినుంచే ట్యూషన్ పెట్టించండి. సీటు రాకపోతే బోటనీతో డిగ్రీ, ఆపైన ఎస్వీయూలో పీజీ చేయొచ్చు.

డబ్బు సంగతి దాచను. పీజీతో ఆగితే ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే, కాంట్రాక్టు మీద. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదట్లో నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది. బోటనీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కూడా రాయొచ్చు.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. అడవికి వెళ్లక్కర్లేదు, దానికి అనుమతులు కావాలి. వానలు పడ్డాక పొలం గట్టున మీటరు చదరాలు ఓ ఇరవై గీసి, ఒక్కోదాంట్లో ఏ మొక్క ఎన్ని ఉన్నాయో రాసుకుని, పై సూత్రం వేయమనండి. ఆ పట్టిక నాకు పంపండి, చూసి మాట్లాడదాం.