పాండాస్ అనుమానం: కన్నింగ్‌హామ్ ప్యానెల్ చేయించాలా?

బాబుకి గొంతునొప్పి తర్వాత ఉన్నట్టుండి చేతులు పదే పదే కడగడం, కళ్ళు ఆర్పడం మొదలైందన్నారు కదండీ. ఇది పాండాస్ (స్ట్రెప్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తర్వాత పిల్లల్లో ఉన్నట్టుండి ఇలాంటి లక్షణాలు మొదలయ్యే జబ్బు) ఏమోనని, ఖరీదైన కన్నింగ్‌హామ్ ప్యానెల్‌కి (మెదడుపై పనిచేసే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) తొందరపడకండి. 2017 స్వీడన్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ చాలామందికి అది పాజిటివ్ వచ్చింది. పాండాస్‌ని తేల్చేది లక్షణాలు, అవి మొదలైన తీరు.

ముందు త్రోట్ కల్చర్ (గొంతులో స్ట్రెప్ ఉందేమో చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ పడకముందే. స్వాబ్ రెండు టాన్సిల్స్‌కీ, వెనక గోడకీ తగలాలి. నాలుకకి రాసుకొస్తే ఉత్తుత్తి నెగటివే. మలద్వారం చుట్టూ ఎర్రగా ఉంటే అక్కడా స్ట్రెప్ ఉండొచ్చు, స్వాబ్ తీయించండి, ఇది తరచూ మరిచిపోతారు. ఏఎస్‌ఓ, యాంటీ డీఎన్‌ఏస్-బి (స్ట్రెప్‌పై యాంటీబాడీలు చూసే రక్తపరీక్షలు) ఇప్పుడొకసారి, 4–6 వారాలకి అదే ల్యాబులో మరోసారి. బడిపిల్లల్లో ఒక్కసారి ఎక్కువొస్తే అది పాత ఇన్ఫెక్షనూ కావచ్చు. పెరిగిందా అన్నదే చూడాలి.

ఫిట్స్, మగత, తికమక ఉంటే మాత్రం ఈ పరీక్షల కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ముందు ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) కాదని తేల్చాలి.