దయ్యానికి కట్టుడు పళ్లు ఉండాలా, వద్దా?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులతో రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీవు పంపిన మూడు ప్రకరణాలనూ రెండేసి సార్లు చదివాను. కోనసీమ అగ్రహారంలో పడకకుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయిన రిటైర్డు తెలుగు మాస్టారు, ఆయన చావు మామూలు చావు కాదని పసిగట్టిన జాకెట్లు కుట్టే ఆవిడ, ఆవిడకు ఒక్కతెకే కనబడుతూ ఆవిడ మాటల్లో తప్పులు దిద్దే మాస్టారి దయ్యం. ఈ ముగ్గురూ చాలు, ఆవకాయ అన్నం తిన్నంత హాయిగా చదివించే హత్యా నవలకు. అయితే మూడో ప్రకరణం చివర మాస్టారి దయ్యం వేలు చూపించి, తన రెండో అల్లుడి వాలకం బాగాలేదని చెప్పేసింది. అక్కడితో నీ నవల సగం చచ్చిపోయింది. ఈ ఉత్తరం ఆ వేలు గురించే.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక వారపత్రికలో నా మొదటి సీరియల్ ఇరవై రెండు వారాలు నడిచింది. ముడి ఎలా విప్పాలో తోచక, ఆఖరి వారంలో హతుడి ఆత్మను పిలిపించి హంతకుడి పేరు చెప్పించాను. ఆ తరువాత వచ్చిన కార్డుల్లో ఒకటి ఇప్పటికీ మరిచిపోలేదు. చెప్పదలుచుకుంటే మొదటి వారమే చెప్పేయవచ్చు గదా, ఇన్నాళ్లూ ఆ ఆత్మ ఏ పని మీద ఉన్నదని ఒక పాఠకురాలు అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. సంపాదకుడి దగ్గర మాత్రం ఉంది; తరువాత రెండేళ్లపాటు ఆయన నా సీరియల్ వేయలేదు.

ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన 1929లో అపరాధ పరిశోధక కథలకు పది నియమాలు పెట్టాడు. ఆయన మతగురువు కూడాను, అయినా మానవాతీత శక్తులకు ఇందులో చోటు లేదని రెండో నియమంలోనే తలుపు మూసేశాడు. నీవు ఆ నియమాన్ని అతిక్రమించవచ్చు గానీ, అది ఎందుకు పుట్టిందో తెలుసుకొని అతిక్రమించాలి. పాఠకుడికి అందని చోటు నుంచి పరిశోధకుడికి జవాబు అందకూడదన్నదే దాని సారం. మన బేతాళుడు ఈ మర్యాదను ఎప్పుడో పాటించాడు. చెట్టు మీది శవంలో ఉండి కథ చెప్పేదీ ప్రశ్న వేసేదీ అతడే, జవాబు మాత్రం భుజం మీద మోస్తున్న విక్రమార్కుడే ఆలోచించి చెప్పాలి. నీ మాస్టారు కూడా బేతాళుడిలా ప్రశ్నలు వేయాలి, తిక్క పుట్టించాలి, చెట్టెక్కి కూర్చోవాలి. తేల్చడం మాత్రం కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడ పని.

మరి తన చావు తనకే ఎందుకు తెలియదన్న ప్రశ్న వస్తుంది. దీనికి సమాధానం మొదటి ప్రకరణంలోనే, నవ్వు పుట్టేలా చెప్పేయాలి. ఆ రోజు మధ్యాహ్నం కునుకు తీసిన తరువాత ఏం జరిగిందో ఆయనకు గుర్తులేదను. బతికి ఉండగానే నుదుటి మీది కళ్లజోడు కోసం ఇల్లంతా వెదికిన మనిషి కనుక ఎవరూ తగువు పెట్టరు. రెండో కట్టుబాటు: చివరి శ్వాస విడిచినప్పుడు ఏ అవతారంలో ఉన్నాడో దయ్యమూ అదే అవతారంలో ఉంటుంది. అదే అతుకుల పంచె, అదే కండువా, కళ్లజోడు లేదు, కట్టుడు పళ్లు లేవు. ఈ పళ్ల సంగతిని తేలికగా తీసుకోకు, నీ నవలంతా వీటి మీద నిలబడవచ్చు.

ఎలాగో చూడు. జీవితమంతా పిల్లలకు ఉచ్చారణ దిద్దిన మాస్టారికి ఇప్పుడు దంత్యాక్షరాలు పలకవు. త, థ, ద, ధ అన్నవి దంతాలుంటేనే కదా పలికేది! ఆయన 'దస్తావేజులు' అనబోతే 'అహ్హావేజులు' అని వస్తుంది. కుట్టుపని ఆవిడ దాన్ని ఆవజాడీలనుకొని, పరామర్శకు వెళ్లిన ఇంట్లో అటకెక్కి జాడీలన్నీ తడుముతుంది. వర్ణోత్పత్తి స్థానాల గురించి ఆయన బోసినోటితోనే పాఠం చెబుతాడు. పది ప్రకరణాల పాటు పాఠకులు దీనికి నవ్వుకుంటారు. ఈలోగా ఇంట్లోవాళ్ల కథనం ఏమిటి? రాత్రి ఎనిమిదింటికి పళ్లెంలో చేగోడీలు పెట్టుకొని నములుతూ ఉండగా గుండె ఆగిపోయిందని, తెల్లవారి చూస్తే సగం కొరికిన చేగోడీ ఒళ్లో ఉందని. ఎనిమిదింటికి అనుమానితులందరూ గుడి దగ్గర హరికథలో, ఊరందరి కళ్లెదుటా ఉన్నారు. ఆఖరున ఆవిడ జాకెట్టు చేతులు కుడుతూ కుడుతూ ఆగిపోతుంది. పళ్లు లేని మనిషి చేగోడీ ఎలా కొరికాడు? పళ్లు తీసి గ్లాసులో వేసుకునేది పడుకోబోయే ముందు, పదింటికి. అంటే ఆయన పోయింది పదింటి తరువాత. చేగోడీ పళ్లెం ఎవరో తెచ్చి ఒళ్లో పెట్టినది. ఆ వేళకు హరికథ అయిపోయింది, విషం కలిపిన మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చినవారెవరన్నదే ఇక ప్రశ్న.

ఇప్పుడు పాఠకుడు తన తల తానే కొట్టుకుంటాడు, ఎందుకంటే ఆధారం మొదటి పేజీ నుంచీ కళ్లముందే ఉంది, తాను నవ్వుతూ దాటేశాడు. దయ్యంతో రాసే హాస్య పరిశోధన నవలకు నాకు తెలిసిన కిటుకు ఇదే: ఆధారాన్ని గంభీరమైన సన్నివేశంలో పెడితే పాఠకుడు వెంటనే పట్టేస్తాడు, హాస్యం చాటున పెడితే పట్టించుకోడు. పళ్లు వేసిన ఆ గ్లాసును మాత్రం రెండో ప్రకరణంలో తప్పక చూపించు. పరామర్శకు వచ్చినవాళ్ల పిల్లవాడు ఒకడు నీళ్లలో మునిగి ఉన్న పళ్లు చూసి జడుసుకొని ఏడవాలి. పక్కనే నిలబడ్డ దయ్యం వాణ్ణి ఊరుకోబెట్టలేక అవస్థపడాలి.

ఇక స్థలం. ఇంగ్లీషు నవలల్లో అనుమానితులను ఒకచోట బంధించడానికి మంచు కురిపిస్తారు, వంతెన కూలుస్తారు. నీకు ఆ శ్రమ లేదు, మన మైల ఉంది. పది రోజులపాటు దాయాదులు ఎవరింటికీ వెళ్లరు, పెళ్లిళ్లకూ గుళ్లకూ దూరం. ఏ మూల నుంచి వచ్చినవాళ్లయినా కర్మ పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే చాపల మీద పడుకోవాలి, పక్కపక్కనే కూర్చొని తినాలి, పాత ఆస్తి తగాదాలు నెమరువేసుకోవాలి. గడువు కూడా నీవు కల్పించనక్కర లేదు. పన్నెండో రోజు సపిండీకరణంతో ప్రేతం పితృదేవతల్లో కలుస్తుంది, అంటే మాస్టారికి ఉన్నవి పన్నెండు రోజులే. ఆలోపు తేలకపోతే ఆయన వెళ్లిపోతాడు, ఆవిడకు కేసు ఒంటరిగా మిగులుతుంది. పదో రోజు ఏటిగట్టున పిండం పెట్టి కాకి కోసం చూసే ఘట్టాన్ని నీవు రెండు వాక్యాల్లో ముగించావు. దానికి పది పేజీలు ఇవ్వు. కాకి ముట్టకపోతే చనిపోయినవారికి తీరని కోరిక ఏదో ఉందని కదా నమ్మకం. ఒక్కొక్కరే ముందుకొచ్చి దండం పెట్టి, అప్పు తీరుస్తామనీ, పొలం అమ్మబోమనీ, తమ్ముణ్ణి చూసుకుంటామనీ మాట ఇస్తారు. అనుమానితులు తమంతట తామే గుట్టు విప్పుకునే ఇలాంటి అవకాశం మరే దేశపు రచయితకూ లేదు. కాకుల్ని అదిలిస్తున్నది మాస్టారే అన్నది ఆవిడకూ మనకూ మాత్రమే తెలుసు.

పోలీసుల విషయంలో జాగ్రత్త. అనుమానాస్పద మృతి అని ఎస్సై పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 కింద రాసుకున్నట్టు పెట్టావు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఆ పంచనామా ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కిందికి వస్తుంది, హత్యకు శిక్ష పాత ఐపీసీ 302 కాదు, న్యాయ సంహిత 103. అంతకంటే ముఖ్యం, మన ఊళ్లో వయసు మళ్లినవాడు పోతే గుండెపోటనుకొని సాయంత్రానికే దహనం చేసేస్తారు. శవం లేదు, పోస్టుమార్టం లేదు. పోలీసులు రాకపోవడానికీ కుట్టుపని ఆవిడ రంగంలోకి దిగడానికీ కారణం అదే, కనుక దానిని వాడుకో. ఆధారాలన్నీ వస్తువుల్లో, మాటల్లో, వేళల్లో ఉండాలి. విషం పెరట్లోని పచ్చ గన్నేరు కావచ్చు, అది గుండె మీద పనిచేస్తుంది కనుక గుండెపోటనే భ్రమకు పొసగుతుంది. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి విషాల సంగతి నేర్చుకుంది. నీవు అంత దూరం వెళ్లకు, మోతాదులూ తయారీలూ రాయకు. ఇలాంటి నవలలో రక్తమూ యాతనా తెర వెనకే ఉండాలి.

నీ కుట్టుపని ఆవిడ నాకు నచ్చింది, కానీ ఆవిడ వృత్తిని నీవు వాడుకోవడం లేదు. ఆవిడ దగ్గర ఊరి ఆడవాళ్లందరి కొలతల పుస్తకం ఉంది, తేదీలతో సహా. ఎవరు చిక్కారో, ఎవరు రహస్యంగా కొత్త పట్టుగుడ్డ కొన్నారో అందులో ఉంటుంది. పదమూడో రోజు శుభస్వీకారానికి కట్టుకోవలసిన చీర మీదికి జాకెట్టు కుట్టమని, మాస్టారు పోవడానికి వారం ముందే ఎవరైనా గుడ్డ ఇచ్చి ఉంటే? అది నిజమైన ఆధారమో, పాఠకుణ్ణి పక్కదారి పట్టించేదో నీ ఇష్టం.

ఒక్క మాట మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. మాస్టారి భార్య ఏడ్చే చోట నీవు వేసిన హాస్యం తీసేయి. దాయాదులను వెక్కిరించు, పురోహితుడి సెల్‌ఫోనును వెక్కిరించు, దయ్యాన్ని అందరికంటే ఎక్కువ వెక్కిరించు, కానీ ఆవిడ జోలికి వెళ్లకు. ఆయన లేని లోటు ఒక్కరికైనా నిజంగా తెలియాలి. యాభై ఏళ్లుగా తన వ్యాకరణం దిద్దినవాడు పక్కనే నిలబడి ఉన్నా ఆవిడకు వినపడడు. ఆవిడ ఒక మాట తప్పు పలికి, అలవాటుగా దిద్దుబాటు కోసం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో కుట్టుపని ఆవిడ తల తిప్పేసుకుంటే చాలు.

చిన్న సంగతి, రెండో ప్రకరణంలో దయ్యం కాఫీ తాగింది, మూడో దానిలో గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఏదో ఒకటి తేల్చుకో. నన్నడిగితే వాసన మాత్రమే చూడనివ్వు, ఫిల్టరు కాఫీ ముందు నిలబడి వాసనతో సరిపెట్టుకునే మాస్టారిని ఎవరూ మరిచిపోరు.

మూడో ప్రకరణం తిరగరాసి పంపించు. ఈసారి పెద్ద అక్షరాల్లో ముద్రించి పంపు. పెద్దమ్మకు చదివి వినిపించాలి, ఇంతవరకు చదివిన దాన్ని బట్టి హంతకుడు రెండో అల్లుడేనని ఆవిడ ఇప్పటికే వంద రూపాయలు పందెం కట్టింది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న